బెల్లంవలెంటు

మా ఆఖరి చెల్లెలు శారద పైచదువు కోసం జీఆర్‌ఈ పరీక్ష మళ్ళీ రాస్తోంది. మొదటిసారి వెర్బల్‌లో ఇంగ్లీషు మాటల దగ్గర మార్కులు తగ్గాయి. అప్పటినుంచి అమ్మ రోజూ మా క్వార్టర్ వంటింట్లో కూర తరుగుతూ, శారద తెలుగు అక్షరాల్లో రాసిచ్చిన ఇంగ్లీషు మాటలు తనకొచ్చినట్టు చదివి, వ్యతిరేక పదాలు అడిగేది. కిందటి నెల అమ్మ పోయింది.

ఈ సాయంత్రం దీపం పెట్టి, ఆ పని నేను అందుకున్నాను.

"బెనవలెంట్. దయగల అని అర్థం. వ్యతిరేకం చెప్పు."

శారద తెల్లమొహం వేసింది. "ఏటక్కా అలాగ? అమ్మ సెప్పినట్టు సెప్పు."

"బెల్లంవలెంటు."

"మలెవలెంట్!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

పరీక్షలో మాటలు అచ్చులో ఉంటాయి, అమ్మలా ఎవరూ పలకరు. శారదను దేవుడే గట్టెక్కించాలి.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో మాట తప్పుగా పలుకుతారు కదా. ఏ మాటో చెప్పండి. వాళ్ళను మాత్రం దిద్దకండి.