క్రేను నిచ్చెన మీద భోజనాలు

మొన్న గాజువాకలో మా రిటైరైనవాళ్ల సంఘం మీటింగుకి ఒక మెదడు డాక్టరమ్మను పిలిచారు. మోకాళ్లకీ చక్కెరకీ తప్ప మన వయసువాళ్లకి ఇంకో డాక్టరెందుకని గొణుక్కుంటూనే, ఆఖర్లో ఇచ్చే టిఫిను మీద ఆశతో వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. మెదడులో బాదంపప్పంత ముక్క ఒకటి మనల్ని భయపెడుతుందనీ, భయమేసిన చోటు నుంచి పారిపోయినకొద్దీ అది ఇంకా మొండికేస్తుందనీ, కొంచెం కొంచెంగా దగ్గరికెళ్లి గుండెదడ తగ్గేదాకా అక్కడే ఉంటే ఇక్కడ ప్రమాదం లేదని మెదడు కొత్తగా నేర్చుకుంటుందనీ, అనుకున్నది సాధించడానికి అదే దారనీ ఆవిడ చెప్పుకొచ్చింది. పక్కాయన కునుకు తీస్తున్నాడు. నాకు మాత్రం మా బావ గుర్తొచ్చి, ఆపైన ఆవిడ మాటలేవీ చెవికెక్కలేదు.

బావంటే మా పెద్దక్క భర్త, పోర్టులో సరుకు మోసే కళాసీ; నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు. విజయనగరం అవతల మా పల్లెలో వానల్లేక సేద్యం మూలపడితే, నన్ను తెచ్చి మల్కాపురంలో తమ ఒంటిగది ఇంట్లో పెట్టుకున్నాడు. పక్కనున్న రిఫైనరీ వాసనకీ అక్క వండే నెత్తళ్ల చేపల పులుసు వాసనకీ ఆ ఇంట్లో నిత్యం పోటీయే. బస్తాలు మోసే పనిలో చేరిన కొన్నాళ్లకి, నా అదృష్టం కొద్దీ, క్రేను నడపడం నేర్చుకునేవాళ్లలో నన్నూ తీసుకున్నారు. కుర్చీలో కూర్చుని చేసే పని, పర్మనెంటయ్యే పని. అక్క వీధి వీధంతా చెప్పుకుంది.

తీరా చూస్తే ఆ కుర్చీ ఆకాశంలో ఉంది. జెట్టీ మీది క్రేనుకి నిలువు ఇనప నిచ్చెన, మధ్యమధ్య ఆయాసం తీర్చుకోవడానికి జల్లెడలాంటి పలకలు, వాటి కన్నాల్లోంచి కింద నల్లటి నీళ్లు. ఊళ్లో కొబ్బరిచెట్లెక్కినవాణ్ణే, అయినా సగం దూరం వెళ్లేసరికి కిందికి చూసి, నిచ్చెనను కరుచుకుని ఉండిపోయాను. ఇద్దరు వచ్చి దింపాల్సి వచ్చింది. నెలాఖరులోగా పైకెక్కకపోతే మళ్లీ బస్తాల్లోకే పొమ్మన్నాడు ఫోర్‌మన్.

బావ నవ్వలేదు, తిట్టలేదు. మర్నాడు భోజనాల వేళ క్రేను ఆగి ఉన్నప్పుడు, ఫోర్‌మన్‌ని బతిమాలి ఒప్పించి, క్యారేజీ భుజాన తగిలించుకుని నా వెనకే ఎక్కాడు. అందరికన్నా కింది పలక మీద కూర్చుని అన్నం తినడం, అంతే పని. చెయ్యి వణికి చారంతా చొక్కా మీద పడింది. దిగిపోదామని లేస్తే, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేశాడు.

“వణుకు తగ్గినాకే దిగాల బావా. వణుకుతా దిగిపోతే మరింకెప్పుడూ ఎక్కనేవు.”

అలా ఒక పలక అలవాటయ్యాక దాని పై పలక మీద భోజనం. కింద కళాసీలు కొత్తల్లుడికి మేడ మీద విస్తరేశార్రోయ్ అని ఆటపట్టించేవారు. అక్క కోపాల గురించీ, చూసిన సినిమాల గురించీ బావ ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెబుతుంటే, ఎప్పుడు వణుకు తగ్గేదో, ఎప్పుడు పెరుగన్నంలోకి వచ్చేవాణ్ణో నాకే తెలిసేది కాదు.

నెలాఖరు ఇంకా రాకుండానే ఒక మధ్యాహ్నం ఆఖరి పలక దాటి కుర్చీలో కూర్చున్నాను. ఓడలు, డాల్ఫిన్ కొండ, దాని మీది లైటుహౌసు, అన్నీ కనిపించాయి. ఆనందం పట్టలేక బావకు చూపిద్దామని కిందికి వంగితే, ఆయన ఆఖరి పలక మీద కమ్మీని రెండు చేతులా వాటేసుకుని, కళ్లు మూసుకుని, చెమటతో తడిసి ముద్దై ఉన్నాడు. గబగబా దిగి పక్కన కూర్చున్నాను. కమ్మీ వదలకుండానే చెప్పాడు.

“నానొకపాలి వణుకుతా దిగిపోనాను బావా. ఈ క్రేనే.”

నాకంటే ఎన్నో ఏళ్ల ముందు ఆయన్నీ ఈ పనికి తీసుకున్నారట, ఆ సంగతి అక్కకి కూడా తెలియదట. మనిద్దరం మళ్లీ మొదటి పలక నుంచి మొదలుపెడదాం, ఈసారి నీ కోసం నేను కూర్చుంటానని ఎంత బతిమాలినా, తల అడ్డంగా ఊపాడు. నువ్వు కూకున్నావు కదా, ఇక నాకెందుకన్నాడు. ఆయన కళాసీగానే రిటైరయ్యాడు, కళాసీగానే పోయాడు.

ఇప్పుడు భయానికి డాక్టర్లున్నారు, ఫోనులో పాఠాలున్నాయి, మంచిదే. క్రేనులు కూడా చాలాచోట్ల నిచ్చెన ఎక్కే పనే లేకుండా, కింద ఏసీ గదిలో తెర ముందు కూర్చుని నడుపుతున్నారని మా పక్కింటి కుర్రాళ్లు చెప్పారు. ఈ రోజుల్లో అయితే ఆ కుర్చీ మా బావదే.