అత్త లేచిన షాట్

నేను తీసే సినిమాలు మా ఊళ్ళో ఎవరూ చూడరు. పరాయి దేశాల్లో తయారై, అక్కడి హాళ్ళలోనే ఆడతాయి. నిర్మాతనూ దర్శకురాలినీ నేనే కాబట్టి తిట్లు మాత్రం రెండింతలు పడతాయి. ఇన్నేళ్ళకు మొండికేసి, మా ఇంటి తెలుగులో ఒకటి తీద్దామని తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కనున్న మా నల్లరేగడి ఊరికి వెళ్ళాను. యూనిట్‌ను విరుదునగర్ లాడ్జిలో దించి, నేను మేనత్త ఇంట్లో ఉన్నాను.

కథలో ఒక ముసలమ్మ చనిపోతుంది. ఆ వేషానికి అత్తనే అడిగాను. ఒంటరి మనిషి, భయమంటే తెలియదు.

"సచ్చేది ఎట్లుంటుందో చూసొస్తా పద," అంటూ నవ్వుతూ బల్ల మీద పడుకుంది. శోకాలు పెట్టడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళే వచ్చారు.

షాట్ మొదలైంది. అత్త నోటి దురుసునూ, చేతి పులుసునూ తలుచుకుని గుండెలు బాదుకున్నారు. నేను కట్ చెప్పాను. ఏడుపు ఆగలేదు. అత్త కళ్ళు తెరిచింది, బల్ల దిగింది, వాళ్ళ వెనక వచ్చి నిలబడింది. ఒక్కరూ తల తిప్పలేదు. ఖాళీ బల్లను చూస్తూనే ఏడ్చారు. కట్ అన్నా కెమెరా ఇంకా తిరుగుతోంది, నేనూ మళ్ళీ ఆపమనలేదు.

తర్వాత అందరూ ఇళ్ళకు పోయి, వాకిట్లోనే తలకు పోసుకుని లోపలికి వెళ్ళారు. చావింటి నుంచి వస్తే మావాళ్ళు అలాగే చేస్తారు. నాకు ఒళ్ళు మండి ఒకామెను నిలదీశాను.

"షూటింగే కదక్కా, మీరెందుకు పోసుకొంటిరి?"

"ఏడిస్తిమి కదా పాపా. ఏడ్చినాక పోసుకోకుండా ఎట్ల లోపలికి పోయేది?"

అత్త ఆ తడి వాకిళ్ళను చూస్తూ అరుగు మీద కూర్చుంది. నీళ్ళు కాచి పిలిచాను.

"ఒంటికి పోసుకొంటా, తలకి వద్దు," అంది. "సచ్చినోళ్ళకి ఇంకొకురు పోస్తారు, బతికుండేవాళ్ళు తామే పోసుకొంటారు. నేను ఏ పక్కనో తేలనీ. నీ సినిమా పడములో నేను లేచింది చూపిస్తావా?"

చూపిస్తానన్నాను, ఊరడించడానికి.

నెలలు గడిచాయి. ఫోన్ చేసినప్పుడల్లా అదే ప్రశ్న. ఇరుగుపొరుగువాళ్ళు పోయినవాళ్ళకు పెట్టినట్టు గడప మీద అన్నం గిన్నె పెట్టి, పిలవకుండానే పోతున్నారట. తల జడలు కట్టిందట. ఆమె నవ్వుతూనే చెప్పేది.

ఎడిటింగ్‌లో విదేశీ సహనిర్మాత ఆ ముక్క తీసెయ్యమన్నాడు. చచ్చినామె లేస్తే కథ చెడుతుందన్నాడు. చెడితే చెడనీ అన్నాను. అయితే నా పేరు తీసెయ్ అన్నాడు. తీసేశాను.

మొదటి ప్రదర్శనలో అత్త లేచి నిలబడగానే హాలంతా బిగుసుకుపోయింది. నా ముందున్నామె వెనక్కి తిరిగి చూసుకుంది, అక్కడెవరో నిలబడ్డట్టు. బయటికి రాగానే ఫోన్ చేశాను.

"నేను లేచింది చూసినారా?"

"అందురూ చూసినారత్తా."

ఆమె ఫోన్ ఆపకుండానే కింద పెట్టింది. చెంబు తొట్టిలో మునిగిన చప్పుడు, బండ మీద నీళ్ళు పడే చప్పుడు. మళ్ళీ చెంబు, మళ్ళీ నీళ్ళు. ఎంతసేపటికీ ఆగవు. నాకు భయం వేసి గట్టిగా పిలిచాను.

"అత్తా, పోసేది ఎవురు?"

నీళ్ళు ఆగాయి.

"నేనే పాపా," అంది దూరం నుంచి. "నేనే పోసుకొంటా ఉండా."