జపాన్ పతకానికి దసరా పసుపు

దసరా నాడు నేను చేసిన పని గురించి మా ఆవిడ వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెబుతోంది. ఆమె నోట వినేకంటే నా నోటే వినండి. జపాన్ చక్రవర్తి పేరు మీద ఇచ్చిన పతకానికి పసుపు పెట్టాను. అదీ జర్మనీలో కూర్చుని.

నాది సిద్దిపేటలో టైలర్ దుకాణం. చదువు పదో తరగతి దగ్గర ఆగింది గానీ మిషన్ ముప్పై రెండేళ్లలో ఆగింది లేదు, లాక్‌డౌన్‌లో తప్ప. కరోనా కొంచెం నెమ్మదించాక రెండు డోసులూ వేయించుకుని, నేనూ మా ఆవిడా జిండెల్ఫింగెన్‌లో ఉండే మా అమ్మాయి శ్రావణి దగ్గరికి మూడు నెలలకని వెళ్లాం. దానిది కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. పొద్దంతా ఇంట్లోనే హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటుంది. నాకు ఊరికే కూర్చుంటే చేతులు లాగుతాయి. దాని దగ్గరున్న చిన్న మిషన్ మీద ఇంట్లో పరదాలన్నీ కుట్టేశాను. అవి చూసి కింది ఇంటి బ్రాంట్ గారు తన హాలు పరదాలు కూడా కుట్టమన్నాడు. మా పరిచయం అట్లా మొదలైంది.

బ్రాంట్ గారికి ఎనభై దాటాయి. ఒక్కడే ఉంటాడు. వయసులో ఉండగా ఇక్కడి పిల్లలకు జూడో నేర్పి, ఏటా జపాన్ తీసుకెళ్లేవాడట. అక్కడి పిల్లల్ని తెచ్చి తన ఇంట్లో పెట్టుకునేవాడట. అందుకని ఆ దేశం వాళ్లు ఆయనకు ఉదయించే సూర్యుడి పేరుతో ఒక పెద్ద బిరుదు ఇచ్చారు. సభ పెట్టి ఇవ్వాల్సిందట. కరోనా వల్ల వాళ్ల ఆఫీసుకు పిలిచి పతకం చేతికిచ్చి పంపించారు. సభేమో ఆదివారం వీడియోలో. పాత శిష్యులంతా జపాన్ నుంచి చూస్తారు.

బుధవారం నాడు ఆయన మాస్కు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఒక చేతిలో నల్ల కోటు, ఇంకో చేతిలో నల్లగా మెరిసే పెట్టె. మనిషి చిక్కిపోయాడు కాబట్టి కోటు పక్కలు పట్టాలి. పతకం పిన్ను గుడ్డను చింపకుండా ఛాతీ మీద దారంతో రెండు కొక్కేలు కట్టాలి. కొలతకని పతకం కూడా నాకే వదిలి వెళ్లాడు.

పెట్టె తెరిచి చూస్తే కళ్లు చెదిరాయి. మధ్యలో ఎర్రటి సూర్యుడు, చుట్టూ వెండి బంగారు కిరణాలు, పైన మూడు ఆకులు, వాటికి ఊదా రంగు పూలు. అది వేలాడే రిబ్బన్ తెల్లటి పట్టు, రెండంచులకూ ఎర్ర చారలు. అంచుల నేత చూస్తే దండం పెట్టబుద్ధేసింది.

శుక్రవారం దసరా. మా దుకాణంలో ఆయుధ పూజ అంటే ఆ రోజు బల్ల మీద ఏది ఉంటే దానికి బొట్టు. ఇక్కడ ఇస్త్రీ బల్లే నా బల్ల. కత్తెర, టేపు, సుద్ద ముక్క, సూదుల పొట్లం, మిషన్, అన్నిటికీ పెట్టుకుంటూ వచ్చాను. చివర్న ఈ పెట్టె. పతకానికి కుంకుమ పెట్టలేదు, అంత తెలివి ఉంది నాకు. కానీ రిబ్బన్ కొత్త బట్ట. కొత్త బట్టకు మూలన పసుపు పెట్టకుండా గిరాకీ చేతికి ఏనాడూ ఇచ్చింది లేదు. చెయ్యి దానంతట అదే వెళ్లింది. తడి పసుపు, వేలెడంత.

శ్రావణి మీటింగ్ అయిపోయి హారతికని వచ్చింది. హారతి తీసుకోలేదు.

"డాడీ, ఏంటిది?"

"పసుపు, బిడ్డా."

"దేని మీద?"

ఆ అడిగిన తీరుకు నాకు అర్థమైంది. తెల్ల పట్టు మీద పసుపు ఏం చేస్తుందో టైలర్‌కి ఒకరు చెప్పాలా? కానీ కంగారులో నేను చేసింది చూడండి. బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని చంటిపిల్లకు కూడా తెలుసు.

మా ఆవిడ వంగి చూసింది. "ఏమయ్యా, చారలు రెండే ఉండె గద. మూడోది నువ్వేసినవా?"

నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపైంది. అక్కడ ఆగింది. రైనిగుంగ్ వాడికి, అంటే ఇక్కడి డ్రైక్లీనింగ్ వాడికి, శ్రావణి ఫోన్ చేస్తే మంగళవారం ఇస్తానన్నాడు.

"ఎండకు పెట్టు," అంది మా ఆవిడ. "ఎండకు పసుపు నిలుస్తదా?"

మాట నిజమే. మా ఊళ్లో అయితే గంట పని. శనివారం పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసి, దాని మీద పతకం పెట్టి, పక్కన ఇంకో కుర్చీలో నేను కాపలా కూర్చున్నాను. మబ్బు. మధ్యాహ్నం మబ్బు. సాయంత్రం చినుకులు. ఉదయించే సూర్యుడు నా పక్క కుర్చీలో ఉన్నాడు, అసలు వాడు పత్తా లేడు.

ఇక దాచేదేముంది, అప్పుడు నా బుద్ధి గడ్డి తిన్నది. శ్రావణి తెల్ల శాటిన్ లంగా ఒకటుంటే, దాని అంచు కత్తిరించి కొత్త రిబ్బన్ కుడదామని సుద్దతో గీతలు కూడా గీశాను.

"డూప్లికేట్ చేస్తావా డాడీ? ఆయన నిన్ను నమ్మి ఇచ్చిండు," అంది శ్రావణి.

కత్తెర కింద పెట్టాను. ముప్పై రెండేళ్లలో ఒక్క గిరాకీ బట్ట పాడు చేయలేదని ఆయన దగ్గర ఎంత గొప్పలు చెప్పుకున్నానో గుర్తొచ్చింది.

ఆదివారం సభకు గంట ముందు కోటు చేతి మీద వేసుకుని, పెట్టె పట్టుకుని, శ్రావణిని వెంటబెట్టుకుని కిందికి దిగాను. ఆయన పెట్టె తెరిచాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అవి తీసి ఇంకో జత పెట్టుకున్నాడు. మా శ్రావణి జర్మన్‌లో చెబుతూనే ఉంది. కొత్త బట్టకు మంచి జరగాలని మా ఇళ్లల్లో ఇట్లా పెడతామనీ, మా నాన్న రెండు రోజులుగా అన్నం తినలేదనీ. రెండోది అబద్ధం. నేను తిన్నాను.

ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "కోటుకు పెట్టాడా?"

"లేదు. కోటు పాతది కదా," అన్నాను. శ్రావణి జర్మన్‌లో చెప్పింది.

ఆయన కోటు తొడుక్కున్నాడు. పక్కలు సరిగ్గా కూర్చున్నాయి. పతకం నా కొక్కేలకు తగిలించుకుని వీడియో ముందు కూర్చున్నాడు. మమ్మల్ని పోనివ్వలేదు. తెర మీద తలలు నెరిసిన శిష్యులు ముప్పై మంది దాకా ఉన్నారు. పసుపు మచ్చ చూపించి, నన్ను చూపించి, ఏదో చాలాసేపు చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. తీరా చూస్తే ఆయన మైకు ఆన్ చేయలేదు. శ్రావణి నొక్కాక నా తప్పు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి వాళ్లంతా లేచి నాకు వంగి దండం పెట్టారు. నేనూ పెట్టాను.

సభ ముగిసే వేళకు, నమ్మండి నమ్మకపోండి, ఎండ వచ్చింది. బంగారం లాంటి ఎండ, కిటికీ నిండా. "బ్రాంట్ గారూ, అరగంట అక్కడ పెట్టండి, మచ్చ పోతుంది," అని చెప్పించాను.

ఆయన లేచాడు. "ఉండనీ, హెర్ మల్లేశం," అని నన్నూ గారు పెట్టి పిలిచాడు. వెళ్లి, పసుపు పోకుండా పరదాలు మూసేశాడు. నా గుండె నిండిపోయింది.

అయితే ఒక పరదా వెడల్పు ఎడమ వైపు నాలుగు వేళ్లు తక్కువ. ఆ సందులోంచి ఎండ తిన్నగా వచ్చి పతకం మీద పడింది. మొదట్నుంచీ అట్లాగే ఉన్నట్టుంది, ఆయన పాపం ఏనాడూ అనలేదు. కుట్టింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.