కుండీలో మావయ్య వేలు

మా మావయ్య ఎవరికైనా బోన్సాయ్ చెట్టు ఇచ్చాడంటే, మర్నాటి నుంచి దాన్ని చూడటానికి రోజూ వాళ్లింటికి వెళ్తాడు. ఇచ్చింది మరిచిపొమ్మంటారు పెద్దలు. మావయ్య మరిచిపోడు, పుచ్చుకున్నవాళ్లను మరిచిపోనివ్వడు. పొద్దున్నే తలుపు తట్టి, పలకరింపైనా లేకుండా కుండీ దగ్గరికి నడిచి, మట్టిలో చూపుడువేలు గుచ్చుతాడు. తడి సరిపోతే "ఊఁ" అంటాడు. సరిపోకపోతే ఆ ఇంటి మనిషికి ఆ పూట టిఫిన్ గొంతు దిగదు.

మావయ్య చేసే పని కట్టుడు పళ్లు తయారుచేయడం. ఎవరి నోట్లోకో వెళ్లాల్సిన సన్నతీగ ఏ జువ్వికొమ్మ నడుమునో వంచుతూ ఉంటుంది. మేడ మీద పళ్లాల్లాంటి కుండీల్లో జానెడేసి చెట్లు పెద్దమనుషుల్లా నిలబడి ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా అత్తయ్య మూతి తిప్పుతుంది.

"నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూసిన పాపాన పోలేదు. ఆ మట్టికి మాత్రం పూటపూటా నాడి చూస్తారు!"

మందుల షాపాయన ఒక నిమ్మచెట్టు పుచ్చుకుని చిక్కుల్లో పడ్డాడు. షాపు నిండా జనం ఉండగా మావయ్య వేలు పైకెత్తి అందరికీ చూపించాడు. వేలంతా బురద.

"మందులమ్మే మనిషివి, డోసు తెలీదా?"

"దాహమేస్తుందేమోనని పోశానండీ."

"పోశావా, చేపలు పెంచుదామనుకున్నావా?"

ఇంత తెలిసీ నేను నాకొక చెట్టు కావాలని కూర్చున్నాను. ఏదో ఒకటి కాదు, దానిమ్మే కావాలి. మోకాలి ఎత్తైనా లేదు గానీ మొదలు నా మణికట్టంత లావు. తీగ చుట్టడం, వేళ్లు కత్తిరించడం, వేళకు ఎండలోకి జరపడం, అన్నీ మావయ్య దగ్గరే నేర్చుకున్నాను. కిటికీ దగ్గర దానికి చోటు కూడా ఖాళీ చేశాను.

"మావయ్యా, దానిమ్మ ఇవ్వవూ?"

"నీకెందుకురా? నువ్వు బాగా పెంచుతావు."

ఇదెక్కడి న్యాయం? నేను పట్టు వదల్లేదు, ఏడాదంతా అడిగాను. మావయ్యా పట్టు వదల్లేదు, ఏడాదంతా అదే జవాబు.

చివరికి దాన్ని పట్టుకెళ్లి పక్కవీధి లెక్కల టీచరమ్మకిచ్చాడు. రిటైరయ్యాక తోడుగా ఉన్న చెల్లెలు పోవడంతో ఆవిడ తలుపు మూసేసుకుంది. చుట్టాలొచ్చినా తియ్యలేదు, పాత విద్యార్థులొచ్చినా తియ్యలేదు. మావయ్య అంతకుముందు బలవంతాన గుమ్మంలో పెట్టొచ్చిన రెండు చెట్లనూ నిలువునా ఎండబెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా నా దానిమ్మను వెనక్కి తెచ్చుకోవాలని ఓ పొద్దున మావయ్య వెంటపడ్డాను.

మావయ్య తలుపు తట్టాడు.

"నేనడగలేదుగా. తీసుకుపోండి," అంది లోపలి గొంతు.

"తీసుకుపోనండీ. ఒక్కసారి వేలు పెట్టి చూసి వెళ్తాను."

"నాకు ఓపిక లేదు."

"నాకుందండీ," అంటూ మావయ్య మెట్టు మీద చతికిలబడ్డాడు.

చాలాసేపటికి తలుపు మూరెడు తెరుచుకుంది. ఓ చెయ్యి కుండీని బయటికి తోసింది. మట్టి బీటలు వారి ఉంది, ఆకులు సగం రాలిపోయాయి. మావయ్య వేలు గుచ్చి, జేబులోంచి చిన్న సీసా తీసి గుక్కెడు నీళ్లు పోసి, "రేపొస్తానండీ," అని కుండీని లోపలికి నెట్టాడు. ఒక్క తిట్టు లేదు!

వీధిలోకి రాగానే నిలదీశాను. "చచ్చిపోతుంది మావయ్యా! నాకిచ్చుంటే నవనవలాడేది."

"నవనవలాడేదే. అప్పుడు ఆ గుమ్మమెక్కడానికి నాకేం పనుంటుందిరా?"

నేను వెనక్కి తిరిగి ఆ తలుపు వైపు చూశాను.

"మొదటి చెట్టప్పుడు లోపల్నించి పలుకే లేదు. రెండోదానికి తిట్టారు. ఇవాళ చెయ్యి బయటికొచ్చింది, చూశావుగా," అన్నాడు, పొంగిపోతూ.

మావయ్య చెట్లిచ్చిన వాళ్లందరినీ తలుచుకుంటూ నడిచాను. మందుల షాపాయన షాపు పైగదిలో ఒక్కడే వండుకు తింటాడు. మిగతావాళ్లూ అంతే, తలుపు తట్టే దిక్కులేని వాళ్లే. కోపమంతా దిగిపోయి, మావయ్య నాకు భలే ముద్దొచ్చాడు.

వాన పడ్డా, మోకాలు పట్టేసినా మావయ్య మానలేదు. ఒకరోజు మేం వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇంత ఆలస్యమేంటండీ? మొగ్గ తొడిగింది, చూడండి!"

కుండీ నిండా చిగుళ్లు, మధ్యలో ఎర్రటి మొగ్గ. మావయ్య వేలు గుచ్చాడు. తడి సరిగ్గా సరిపోయింది. "ఊఁ" అనబోయి ఆగిపోయాడు. మొగ్గ తొడిగిన చెట్టుకి ఊఁ కూడా అనేస్తే ఇక రావడానికి సాకు ఉండదు. చెట్ల విషయంలో జన్మలో అబద్ధమాడని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"మొగ్గ కాస్త వంకరగా ఉందండీ. రోజూ చూస్తుండాలి."

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని మొగ్గను చూసింది, మావయ్యను చూసింది, చివరికి నా వైపు తిరిగింది.

"మేనల్లుడివిగా, నీకూ తెలిసుంటుంది. నిజంగా వంకరేనా?"

మొగ్గ నిటారుగా ఉంది. దానిమ్మ మీద ఆశ అక్కడితో వదిలేసుకుని, "బాగా వంకర, టీచర్," అన్నాను.

"అయితే రేపు ఇద్దరూ రండి. వచ్చేముందు ఆ వేళ్లు కడుక్కోండి," అంది టీచరమ్మ.