దొరసానమ్మ ఇత్తడి కల్వం

ఆ రోజుల్లో నందిగామ మిషను ఆసుపత్రికి స్పెయిన్ దేశం నుంచి ఒక నర్సు వచ్చింది. ఊరంతా ఆవిడని దొరసానమ్మ అనేది. ఆవిడకి తెలుగు రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. సరిహద్దు అవతలి అల్లర్లకి భయపడి నైజాం నుంచి జనం మూటాముల్లె సర్దుకుని వచ్చి పడుతున్నారు. రోగులు ఒకటి చెబితే ఆవిడ ఇంకొకటి అనుకునేది. ఎస్సెల్సీ ప్యాసై జగ్గయ్యపేటలో ఇంట్లో కూర్చున్న నన్ను మా నాన్న, ఆయన మిషను బడిలో పంతులు, తీసుకెళ్లి అక్కడ అప్పజెప్పారు. ఆవిడ భాష నేను నేర్చుకుని రోగుల మాట ఆవిడకీ, ఆవిడ మాట రోగులకీ అందించాలి, బదులుగా ఆవిడ నాకు నర్సు పని నేర్పాలి. వారమంతా నందిగామలో పిన్ని ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బొగ్గుతో నడిచే బస్సెక్కి పేటకి వచ్చేదాన్ని.

పాఠం చెబుతుందని కొత్త నోటుబుక్కు పట్టుకుని వెళితే ఆవిడ నా చేతిలో వెల్లుల్లిపాయ పెట్టి "ఆహో" అంది. నేనూ "ఆహో" అన్నాను. దేనికి ఆశ్చర్యపోతున్నామో తెలియలేదు. వెల్లుల్లినే వాళ్లు ఆహో అంటారని రెండో రోజుకి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆవిడ చదువంతా చేత్తోనే. వెల్లుల్లి దంచాలి, నూనెలో వేయించాలి, నీళ్లు పోసి, ఎండిన రొట్టె తుంచి వేసి చారులా కాచాలి. చలికాలం వాళ్లూళ్లో పేదా గొప్పా అందరూ అదే తాగుతారట. చేసే ప్రతి పనికీ ఒక మాట చెప్పేది, తప్పు పలికితే గరిటె లాక్కునేది. కారం లేని చారేమిటి, నా మొహం! ఒకరోజు చాటుగా చిటికెడు వేశాను. ఆవిడ దగ్గి దగ్గి ఎర్రబడింది. మర్నాటి నుంచి అడిగి మరీ వేయించుకుంది.

ఆ వెల్లుల్లి దంచేది ఒక ఇత్తడి కల్వంలో. గుప్పెడంత రోలు, దానికో చిన్న రోకలి. దెబ్బ వేస్తే బడిగంటలా ఖంగుమనేది. నాకు నోరూరుకోదు కదా! వచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని "మీ కల్వం ఎంత బాగుందండీ" అన్నాను. ఆవిడ వెంటనే "ఇది నీదే" అంది.

నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. పెద్దవాళ్లు ఇస్తే వద్దనకూడదని మా ఇంట్లో నేర్పారు. రెండు చేతులా పుచ్చుకుని దండం పెట్టాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. నోరు తెరిచింది, మూసింది. తర్వాత తనే కడిగి, తుడిచి, పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ టింక్చరు సీసా అడుగుతో వెల్లుల్లి చితక్కొట్టుకుంటుంటే నాకేమీ అర్థమయ్యేది కాదు. ఉన్న ఒక్కటీ ఇచ్చేసుకుని ఈ అవస్థ ఎందుకు? నేనేమైనా తప్పు చేశానా? అడిగితే "ఏం లేదు, ఏం లేదు" అనేది. ఇంటి దగ్గరేమో మా అమ్మ ఆ కల్వాన్ని వీధంతా చూపించి మురిసిపోయేది.

క్రిస్మస్ ముందటి శనివారం మధ్యాహ్నం, రోగులు వెళ్లాక, వాళ్లూరి పండగ పాట నేర్పుతానంది. సత్తు గిన్నె బోర్లించి చెంచాతో తాళం వేస్తూ పాడింది. నేనూ అందుకున్నాను. ఇంతలో ఉన్నట్టుండి చెంచా పక్కన పెట్టేసింది.

"దీనికి మోత లేదు. మా అమ్మ ఈ పాటకి కల్వం వాయించేది. పోయే ముందు అది నా చేతిలో పెట్టింది" అంది.

"ఏ కల్వం?" అన్నాను, తెలిసి తెలిసీ. ఆవిడ తల వంచుకుంది.

"మరి నాదే అన్నారు కదండీ!" ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు.

బతిమాలగా బతిమాలగా అప్పుడు చెప్పింది. వాళ్లలో ఎవరైనా వస్తువు బాగుందంటే "ఇది మీదే" అనడం మర్యాదట. "మీ చేతిలోనే బాగుంది" అని ఊరుకోవడం అవతలివాళ్ల మర్యాదట. తీసుకునేవాళ్లే ఉండరట! "నీకు తెలియదని నాకు తెలుసు. కానీ నీదే అన్నాక కాదని ఎలా అనను?" అంది. ఇదెక్కడి మర్యాద తల్లీ! ఇవ్వని వస్తువుని ఇచ్చాననడమేమిటి? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం అమ్మతో చెప్పాను. అమ్మ ఇంతెత్తున లేచింది.

"ఇచ్చినదాన్ని తీసుకెళ్లి మొహాన కొడతావటే? ఏమనుకుంటదే ఆవిడ?"

"ఆవిడ ఇవ్వలేదమ్మా."

"ఇవ్వకపోతే మనింటికెట్లా వచ్చింది? ఎత్తుకొచ్చావా ఏం?"

నాన్న నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్లిపోయారు. అది ఆవిడకి వాళ్లమ్మ పోతూ పోతూ ఇచ్చిందని చెప్పాక మాత్రం అమ్మ కల్వం తీసి ముందు పెట్టుకుంది. చింతపండు పెట్టి బంగారంలా తోమింది. ఉత్త గిన్నె తిప్పి పంపడం మా ఇంటా వంటా లేదు. అందులో సున్నుండలు పెట్టి గుడ్డ కట్టి, "నాలుగే పట్టినయ్యి, ఏమనుకోవద్దని చెప్పు" అంది.

సోమవారం ఆవిడ ముందు మూట విప్పాను. సున్నుండలు తీసి పక్కన పెట్టి కల్వాన్ని తిప్పి తిప్పి చూసింది.

"మీ అమ్మకి ఇది ఇష్టమేనా?"

"చాలా ఇష్టమండీ" అన్నాను, అబద్ధం ఆడలేక.

"అయితే ఇది మీదే" అంది.

నాకు తల తిరిగిపోయింది. మళ్లీ అదే మాట! ఇది మర్యాదా, నిజమా? పుచ్చుకోకపోతే నొచ్చుకుంటుందా, పుచ్చుకుంటే ఏడుస్తుందా? మొహం చూస్తే ఏమీ తెలియలేదు. అప్పుడు ఆవిడ చేతులు చూశాను. వేళ్లు కల్వం అంచుని వదలడం లేదు. "మీ చేతిలోనే బాగుందండీ" అన్నాను, ఆవిడ భాషలో, ఒక్క తప్పు లేకుండా. ఆవిడ కల్వాన్ని గుండెకి హత్తుకుని, వరండాలో రోగులు చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా భోరున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఒక సున్నుండ నోట్లో వేసుకుని, రోకలితో ఖంగున ఒక దెబ్బ వేసింది.

ఆ శనివారం నేను ఇంటికి వెళ్లేసరికి అమ్మ మా పాత రాతి రోట్లో వెల్లుల్లి దంచుతోంది.

"ఏమందే దొరసానమ్మ?" అంది తలెత్తకుండా.

"మనదే అంది."

అమ్మ చేతిలో రోకలి ఆగింది.

"మరి తేలేదేం?"