రాస్తానన్న ఇల్లు

రేపల్లెలో మేము అద్దెకున్న ఇంటి పక్కనే వరప్రసాదం మాస్టారి పెంకుటిల్లు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. లూథరన్ చర్చిలో ముందు బెంచీ ఆయనది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకున్న ఆస్తి మూడు రకాలు: ఆ ఇల్లు, వెనక నిమ్మచెట్లు, "రాస్తాను" అనే మాట. మూడింటిలో బాగా కాపు కాసింది మూడోదే.

మా వైపు ఇల్లు ఎవరికి రాశాడంటే, వీలునామాలో ఎవరికి వదిలి పోయాడని అర్థం. పోకముందే ఆ మాట మీద భోంచెయ్యడం మాస్టారు నేర్చుకున్నారు. పాలు పోసే యలమందకు దొడ్డి రాస్తానన్నారు. పాలు చిక్కబడ్డాయి. తెనాలిలో ఉన్న తమ్ముడి కొడుకు బర్నబాస్‌కు ఇల్లు రాస్తానన్నారు. అతను రెండు క్రిస్మసులకు పంచెలు పంపి, ఆ తరవాత నమ్మడం మానేశాడు. నేను కాలేజీలో చదివిన రసాయనశాస్త్రంలో ఉత్ప్రేరకమని ఒకటుంది. చర్యనంతా అదే నడిపిస్తుంది, తాను మాత్రం రవ్వంత ఖర్చు కాదు. మాస్టారి మాట అలాంటిది.

చివరిదాకా నమ్మింది రిబ్కా. మాస్టారి భార్యకు చెల్లెలి కూతురు. గాలివానకు కర్లపాలెంలో పాక పోయాక, మిల్లులో బస్తాలు మోసే భర్త పౌలుతో ఆ ఇంటి వసారాలోకి వచ్చింది. "నన్ను చూసుకోమ్మా, ఇల్లు నీకే రాస్తాను" అన్నారాయన. అప్పట్నుంచీ వంట, బట్టలు, ఆయన కాళ్లకు తైలం అన్నీ ఆమే.

పులుసులో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే, "ఏంటే ఇది? ఇల్లు బర్నబాస్‌కి రాసేస్తా!" అని అరుపు. రాత్రి ముద్ద దిగాక, "నీకేలే." ఆ ఇల్లు పొద్దున తెనాలి వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చేది. మా పాపకు ఒళ్లు వెచ్చబడి మేము బెంబేలెత్తిపోతే, వచ్చి ఒళ్లో వేసుకునేది రిబ్కాయే. అప్పుడూ ఒక చెవి గోడవతలే ఉండేది.

1971లో ఆయాసం ముదిరాక నిజంగానే రాయడానికి కూర్చున్నారు.

"బాపట్లలో మా ప్లీడరున్నాడండి. ఓసారి చూపించండి మాస్టారూ," అన్నారు ఎదురింటి వెంకట్రామయ్యగారు.

"ఊరి పిల్లలందరికీ వ్యాకరణం చెప్పినవాణ్ణి, నాకు ప్లీడరు రాసిపెట్టాలా? మీ నాన్నగారి వీలునామా ఉందిగా, అదివ్వండి. చూసి రాసుకుంటా."

ఆ వీలునామాలో పొలం పొందిన అల్లుడే సాక్షి సంతకం పెట్టాడు. పొలం ఏ గొడవా లేకుండా అతనికొచ్చింది. ఆ ఏర్పాటు మాస్టారికి తెగ నచ్చింది. పుచ్చుకునేవాళ్లు పదిమందిలో వంగి సంతకం పెడుతుంటే చూడొచ్చు కదా!

ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించి, వీలునామా తనే గట్టిగా చదివారు. ఇల్లు రిబ్కాకే. సాక్షి సంతకానికి పౌలును పిలిచారు.

"నేనెందుకండి? సంఘపెద్దలెవరన్నా పెడితే బాగుంటదండి."

"నీ పెళ్లానికి ఇల్లు రాస్తుంటే సంతకానికి చెయ్యి నొప్పా? ఆమాత్రం కృతజ్ఞత లేదట్రా?"

పౌలు పెట్టాడు. "వంకర లేకుండా పెట్టు" అని మాస్టారు దిద్దారు కూడా. రెండో సాక్షి వెంకట్రామయ్యగారు.

ఏడాది తిరక్కుండా మాస్టారు పోయారు. వీలునామా చెల్లదని బర్నబాస్ తెనాలిలో దావా వేశాడు. రిబ్కా బాపట్ల ప్లీడరు దగ్గరికి పరుగెత్తింది. తోడు నేను వెళ్లాను. ప్లీడరు కాగితం చూసి కళ్లజోడు తీశాడు.

"ఈ సాక్షి పౌలెవరమ్మా?"

"మా ఆయనండి."

"అయ్యో! హిందువుల వీలునామాకైతే ఇబ్బంది లేదు. మీ క్రైస్తవులకి చట్టం వేరు. సాక్షికి గానీ, సాక్షి భార్యకి గానీ రాసింది చెల్లదు."

"పెదనాన్న పెట్టమంటేనే పెట్టాడండి."

"ఎవరు పెట్టమన్నా అంతేనమ్మా. వీధిలో పోయేవాడు పెట్టినా ఇల్లు నీదయ్యేది."

దావా ఎన్నాళ్లో నడవలేదు. రక్తసంబంధమున్న వారసుడు అతనొక్కడే కాబట్టి ఇల్లు బర్నబాస్‌కు వెళ్లింది. సంవత్సరీకం కూటం పెట్టడానికి అతను వచ్చేసరికి రిబ్కా సామాను రిక్షాలోకి ఎక్కిస్తోంది.

"పొయ్యి దగ్గర నువ్వు లేకపోతే ఎట్టా అక్కా? ఇయ్యాళ వంట కానివ్వు. వెనక వసారా నీకు రాస్తాలే."

"రాయొద్దు తమ్ముడూ. కూలెంతో చెప్పు. పొయ్యి ముట్టించకముందే చేతిలో పెట్టు."

బర్నబాస్ నవ్వాడు. అచ్చం పెద్దాయన నవ్వే. రిక్షా కదిలింది.

కూటానికి వచ్చినవాళ్లం హోటల్నుంచి తెచ్చిన చల్లారిన పులిహోర తిన్నాం. మాస్టారి దానగుణం గురించి పాదిరిగారు చాలాసేపు మాట్లాడారు.