మెచ్చుకున్నవాడే చాయ్ తాగించాలి

నాచారంలో రేకు డబ్బాల మీద బొమ్మలు అచ్చువేసే ఫ్యాక్టరీలో ఉప్పలయ్య రంగులు కలిపేవాడు. అతని కంటికి తిరుగులేదని పేరు. చక్కెర జబ్బు ఎవరి పేరునూ లెక్కచెయ్యదు. పంతొమ్మిది వందల తొంభై నాటికల్లా ఆకారాలు మసకగా తెలిసేవి గానీ, రంగులన్నీ బూడిదలా కనిపించేవి. ఫ్యాక్టరీవాళ్లు దయతలచి గేటు దగ్గర కూర్చోబెట్టారు. అలాంటి దయ పగవాడికి కూడా వద్దు.

ఇక అతనికి మిగిలింది ఆదివారమే. మొగిలయ్య, డ్రాయింగు మాస్టారు బసవరాజు, అతనూ చిన్ననాటి స్నేహితులు. ఉప్పల్ చౌరస్తాలో కలుసుకుని కీసర గుట్టకో, ఘట్‌కేసర్ స్టేషనుకో బస్సెక్కేవారు. ఒకేచోట కూర్చుని ఎవరి పుస్తకంలో వాళ్లు నీటిరంగులు వేసేవారు. చివర్లో మూడు పుస్తకాలూ నేలమీద పరిచి ఒకరినొకరు దులిపేసుకునేవారు. తప్పులే చెప్పాలి, మెచ్చుకున్నవాడు చాయ్ తాగించాలి. అదీ వాళ్ల కట్టుబాటు. ఏళ్ల తరబడి ఎవడి చాయ్ వాడే కొనుక్కున్నాడు. అంత పిసినారి నోళ్లు!

చూపు తగ్గాక ఉప్పలయ్య పెట్టెలో రంగుబిళ్లలను ఒకే వరసలో పెట్టుకుని, వేలితో తడిమి వాడేవాడు. ఎడమ చివర నీలం. పుస్తకంలో ఇంకొన్ని కాగితాలున్నాయి, అవి నిండితే చాలన్నదే అతని ఆశ.

"నేను తప్పేస్తే మొగమాటం లేకుంట చెప్పుండ్రి" అని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు.

శివరాత్రికి ఇల్లు కడుగుతూ అతని భార్య మల్లవ్వ ఆ పెట్టెనూ కడిగింది. బిళ్లలు తుడిచి, చేతికొచ్చినట్టు తిరిగి పెట్టింది. అదేం పాపమని ఎవరంటారు?

ఆ ఆదివారం కీసరలో ఉప్పలయ్య బొమ్మలో ఆకాశం ఇటుకరంగులో, గుట్ట నీలంగా వచ్చాయి. పుస్తకాలు పరిచారు. మొగిలయ్య తలవంచుకుని, కడిగిన కుంచెనే మళ్లీ కడిగాడు. నిజమాడితే నిష్ఠూరమంటారు. ఆ నిష్ఠూరం కోసమే కూర్చున్న మనిషికి అది కూడా దొరకలేదు.

"మంచిగ కుదిరిందే, ఉప్పలన్నా" అన్నాడు బసవరాజు.

ఉప్పలయ్య తన పుస్తకం మూసి పెట్టాడు. తరవాత, "అయితే చాయ్ నువ్వే తాపియ్యాలె" అన్నాడు.

బసవరాజు తాగించాడు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, ఎడమ చివర ఏ రంగుందని భార్యను అడిగాడు. ఎరుపని చెప్పగానే ఆమెకు సంగతి అర్థమైంది. తప్పు తనదేనని, బిళ్లలు ఇప్పుడే సర్దిస్తానని, వచ్చే వారం మళ్లీ వెళ్లమని ఏడ్చింది.

"బిళ్లలదేమున్నదే, సర్దొచ్చు. బసవరాజు నన్ను మెచ్చుకున్నడు. ఇగ నేను పోను" అన్నాడు ఉప్పలయ్య.

మరుసటి ఆదివారం ఆ ఇద్దరూ చౌరస్తాలో కీసర బస్సులు వదిలేస్తూ మధ్యాహ్నందాకా నిలబడ్డారు. అతను రాలేదు.